నీళ్ల కన్నా ముందే వచ్చిన మనిషి

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వస్తే చాలు, మా ఇబ్రహీంపట్నం చౌరస్తాలో కార్లు బారులు తీరతాయి. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఆగి ఓ చాయ్ తాగుతారు. తర్వాత యాచారం, మాల్, చింతపల్లి, మల్లేపల్లి మీదుగా సాగిపోతారు. గేట్ల మీంచి దూకే నీళ్ల ముందు నిలబడి ఫొటోలు దిగి, చీకటి పడేలోపు ఇంటిముఖం పడతారు. డ్యాం వెనక, ఆ నీళ్ల అడుగున, ఒకప్పటి రాజధాని ఉంది. దాని పేరు విజయపురి. పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకు రాజులు ఏలిన పట్టణం. ఆ పేరైనా మనకు మిగిలిందంటే 1926లో అక్కడికి నడిచివెళ్లిన ఒక మనిషి వల్ల. ఇది ఆయన కథ.

ముందే ఒక మాట. ఈ గాథలో పేర్లు, సంవత్సరాలు, రాళ్లు, రాతలు అన్నీ జరిగినవే, ఉన్నవే. ఆ రోజు నడక, ఎండ, దారి చూపిన రైతు, అతని మాటలు మాత్రం శాసనాల ఉద్యోగం ఎలా సాగేదో తెలిసి నేను అల్లుకున్నవి.

ఇప్పుడు సాగర్ జలాశయమని మనం పిలిచే చోటు అప్పుడొక లోయ, నాగార్జునకొండ లోయ. మూడు వైపులా నల్లమల కొండల పాయలు, నాలుగో వైపు కృష్ణ. నదికి ఉత్తరాన ఉన్నది నైజాం రాజ్యం, నల్లగొండ జిల్లా. దక్షిణాన మద్రాసు రాజధాని, గుంటూరు జిల్లా పల్నాడు తాలూకా. లోయలో పుల్లారెడ్డిగూడెం అనే చిన్న ఊరు, చుట్టూ కాసిన్ని చేలు, మిగిలినదంతా తుమ్మ, రేగు, బలుసు పొదల అడవి. ఆ పొదల్లో మట్టిదిబ్బలున్నాయి. దిబ్బల చుట్టూ లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాతి స్తంభాలు కొన్ని నిలబడి, ఎక్కువ పడిపోయి ఉన్నాయి. పశువుల కాపరులు వాటిని రోజూ చూసేవాళ్లే. చూసి పక్కనుంచి వెళ్లిపోయేవాళ్లే.

వెళ్లిపోకుండా ఆగినవాడు ఒక బడిపంతులు. ఆయన పేరు సూరపరాజు వెంకటరామయ్య. స్తంభం మీద రాత ఉండటం గమనించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. పల్లెటూరి బడిపంతులు ఒకాయన రాయి సంగతి పట్టించుకుని మద్రాసు దాకా కబురు పెట్టడం ఈ రోజుల్లోనే అరుదు. తెల్లవాళ్ల పాలనలో, పెద్ద పట్నాలకు దూరంగా ఉన్న ఆ మూల నుంచి ఆయన ఆ పని చేశారు. ఈ కథలో మొదటి దండం ఆయనకే.

మద్రాసులోని శాసన పరిశోధన కార్యాలయంలో అప్పుడు తెలుగు అసిస్టెంటుగా ఉన్నాయన ఎ. రంగస్వామి సరస్వతి. ఉత్త గుమాస్తా కాదు, పండితుడు. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని రాజనీతి మీద ఇంగ్లీషులో పరిశోధన వ్యాసం ప్రకటించినవాడు. ఊరూరా తిరిగి గుడి గోడల మీద, చెరువు కట్టల మీద, పొలాల్లో పడివున్న రాళ్ల మీద ఉన్న రాతలకు అచ్చులు తీసుకురావడం ఆ ఆఫీసు పని. 1926లో ఆయన పల్నాడు వచ్చారు.

తెల్లవారుజామునే బయల్దేరి ఉంటారు. ఎండ ముదిరితే ఆ కొండల మధ్య నిలవడం కష్టం, పైగా మిట్టమధ్యాహ్నపు వెలుగులో రాయి మీది గీతలు కంటికి ఆనవు. పొద్దున గానీ, సాయంత్రం గానీ, ఎండ ఏటవాలుగా పడి అక్షరం గుంటలో నీడ నిలిచినప్పుడే చదవగలిగేది. రాళ్ల వెంట తిరిగే వాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. కనుమ దిగి లోయలో అడుగుపెట్టేసరికి సూర్యుడు కొండ మీదికి వచ్చి ఉంటాడు. ముందు నడుస్తున్న రైతు కొడవలితో ముళ్లకంపలు కొడుతూ దారి చేస్తున్నాడు.

"అయ్యగారూ, ఆ రాళ్ల మీద ధనం ఎక్కడ పూడ్చిందీ రాసుందంటారు. నిజమేనా?"

శాసనాలు చదివే ప్రతి మనిషికీ ఈ ప్రశ్న ప్రతి ఊళ్లో ఎదురవుతుంది. సరస్వతిగారు ఆ రైతుకు ఏం చెప్పి ఉంటారు? ధనం గురించి కాదు, దానం గురించి రాసుంటుందని చెప్పి ఉంటారు. అదే నిజం కూడా.

మొదటి దిబ్బ దగ్గర వాళ్లు ఆగారు. పైన మట్టి, గడ్డి. కాలితో రాస్తే ఇటుక పెళ్లలు. ఇప్పటి ఇటుకలు కావవి, మూరకు పైగా పొడవు, జానెడుకు పైగా వెడల్పు. ఆ ఇటుక చూడగానే అనుభవమున్న మనిషికి సగం సంగతి తెలిసిపోతుంది. దిబ్బ పక్కన వరసగా పడివున్న స్తంభాలు. కింది భాగం నలుపలకలు, నడిమి భాగం ఎనిమిది పలకలు. ఒకదాని మీద పాకుడు గీకి, నీళ్లు చల్లి, బిరుసు బ్రష్షుతో రుద్దారు. మట్టి కారిపోయిన కొద్దీ వరస తర్వాత వరస బయటపడింది.

బ్రాహ్మీ లిపి. మన అక్షరాలకు ముత్తవ్వ. కానీ అశోకుడి నాటి బ్రాహ్మిలా కురచగా, తిన్నగా లేదు. నిలువు గీతలు కిందికి పొడవుగా సాగి కొసన వంపు తిరిగాయి. గుడి గీత అక్షరం నెత్తి మీంచి చాలా పైకి లేచి చుట్టుకుంది. లేఖకుడు తొందరపడలేదు, చెక్కినవాడూ తొందరపడలేదు. భాష ప్రాకృతం. ఇలాంటి రాత మొదట్లో సాధారణంగా ఉండే 'సిధం' అన్న మంగళవచనం దగ్గర ఆయన వేలు ఆగి ఉంటుంది. అక్షరాల వాటం చూస్తే క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటివని తెలుస్తూనే ఉంది. చుట్టూ చూస్తే ఒక దిబ్బ కాదు, ఒక స్తంభం కాదు. లోయ పొడుగునా దిబ్బలే.

ఇక అచ్చు తీయడం. మందపాటి కాగితాన్ని తడిపి రాయి మీద పరుస్తారు. కుచ్చు దట్టంగా ఉన్న బ్రష్షుతో దానిమీద మెల్లగా కొడతారు, ప్రతి అక్షరం గుంటలోకీ కాగితం దిగాలి. గట్టిగా కొడితే చిరుగుతుంది, మెత్తగా కొడితే దిగదు. గాలి బుడగ మిగిలితే అక్కడ అక్షరం పోయినట్టే. కాగితం కాస్త ఆరీ ఆరనట్టున్నప్పుడు సిరా అద్దిన మెత్తతో పైపైన అద్దుతారు. గుంటలో దిగిన చోట సిరా అంటదు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి. ఆరాక ఒక కొస పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఊడదీస్తారు. పల్నాటి ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? ఒక పలక అయ్యేలోపే కాగితం బిగుసుకుపోతుంది, మళ్లీ తడపాలి. ఎనిమిది పలకల స్తంభమైతే ఒక పూట దానికే సరి. నాకు ఈ పని అంటే చెప్పలేనంత గౌరవం. మన చరిత్ర పుస్తకాల్లో సగం ఇలా ఎండలో వంగిన నడుముల మీంచి వచ్చినదే.

సాయంత్రం కృష్ణ ఒడ్డుకు దిగి కాళ్లు కడుక్కునే వేళకు ఆయనకు తెలిసింది ఇంతే: ఇక్కడ పెద్ద బౌద్ధ క్షేత్రం ఉంది, పై అధికారులకు చెప్పాలి. చెప్పారు. ఆయన రిపోర్టుతో మిగతావాళ్లు కదిలారు. పుదుచ్చేరిలో ఉండే ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయ్ వచ్చి చూశారు. పురావస్తు శాఖ దక్షిణ మండలం నుంచి హమీద్ ఖురేషీ మొదటి గడ్డపార వేయించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించారు, హంపి శిథిలాల మీద పుస్తకం రాసిన అధికారి ఆయనే. శాసనాల అచ్చులు సముద్రాలు దాటి హాలండులోని లైడెన్‌కు, ప్రొఫెసర్ ఫోగెల్ బల్ల మీదికి వెళ్లాయి. ఆయన వాటిని చదివి ప్రకటించాక లోకానికి తెలిసింది, ఆ రైతు అడిగిన ప్రశ్నకు అసలు జవాబు.

ఏం రాసుంది ఆ రాళ్ల మీద? ఎక్కువగా ఆడవాళ్ల పేర్లు.

పెద్ద స్తూపం పేరు మహాచేతియం. దాని నాలుగు దిక్కులా అయిదేసి స్తంభాలు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానం పొందడం, తొలి బోధ, నిర్వాణం, ఈ అయిదింటికీ గుర్తులవి. ఎత్తించినామె చాంతిసిరి. రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, అంతకుముందు రాజ్యమేలిన చాంతమూలుడికి తోడబుట్టింది. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో ఈ పని పూర్తయిందని, పని చూసినవాడు ఆనందుడనే భిక్షువు అని కూడా రాతలో ఉంది. ఆమె సోదరుడు చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. సోదరుడు యజ్ఞం చేశాడు, సోదరి స్తూపం కట్టింది. ఒకే ఇంట్లో రెండూ నడిచాయి, ఎవరూ ఎవరికీ అడ్డుపడినట్టు ఏ రాయీ చెప్పదు. వీరపురుషదత్తుడి రాణుల్లో ఒకామె రుద్రధర భట్టారిక, ఉజ్జయిని మహారాజు కూతురు. ఎక్కడి ఉజ్జయిని, ఎక్కడి పల్నాడు! ఆ పిల్ల కాపురానికి వచ్చిన దారిని తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

అందరికన్నా నాకు ఇష్టమైనామె బోధిసిరి. రాణి కాదు, రాకుమారి కాదు, ఉపాసిక. గృహస్థురాలు. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట ఆమె చుళధమ్మగిరి అనే చిన్న గుట్ట మీద చైత్యగృహం కట్టించింది. ఎవరి కోసం? సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం. వాళ్లు ఏయే దేశాల్లో ధర్మం చెప్పారో ఆమె జాబితా చెక్కించింది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ, ఇంకా ఎన్నో. కృష్ణ ఒడ్డున కూర్చున్న ఒక తెలుగునేల ఇల్లాలికి చీనా దేశం పేరు తెలుసు. అంతటితో ఆగలేదు, తాను చేసిన మిగతా దానాలూ వరసగా రాయించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, పూర్వశైలంలో చెరువు, కంటకశైలంలో మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. ఆ కంటకశైలం ఇప్పటి కృష్ణా జిల్లా ఘంటసాల. విజయపురి అన్న పట్టణం పేరు, శ్రీపర్వతం అన్న కొండ పేరు, ఏది ఏ దిక్కున ఉందీ అన్నది మనకు చెప్పింది కూడా ఈమె రాయే. ఊరి చిరునామా చెప్పిన తల్లి.

తవ్వకాల్లో బయటపడినవన్నీ ఇక్కడ పట్టవు. ఒకటి మాత్రం చెప్పాలి. మహాచేతియం లోపల మట్టి దిబ్బ కాదు, బండి చక్రంలా కట్టింది. నడుమ కుండ, దాన్నుంచి ఆకులు, చుట్టూ కమ్మీ, అంతా ఇటుక గోడలతోనే. అడ్డకొలత 106 అడుగులు. గోడల నడుమ ఖాళీల్లో మన్ను నింపారు. ధాతువు దొరికింది నట్టనడుమ కాదు, ఉత్తరం వైపున్న ఒక అర్రలో. పగిలిన కుండ, అందులో వెండి భరిణె, ఆ భరిణెలో ఇంకా చిన్న బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క. ధనం కోసం దిబ్బల్ని పొడిచినవాళ్ల చేతికి అది చిక్కకపోవడం మన అదృష్టం. ఆ ధాతువును తర్వాత సారనాథ్‌లోని మహాబోధి సొసైటీకి అప్పగించారు.

సరిగ్గా ఇక్కడ అమరావతిని తలచుకోక తప్పదు. అదే కృష్ణ, అదే రాయి, దాదాపు అదే శిల్పుల వారసత్వం. 1797లో కర్నల్ కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేసరికే స్తూపాన్ని తవ్వడం మొదలైపోయింది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్న రోజులవి, ఇటుకలూ రాళ్లూ కావాలి. మెకంజీ మళ్లీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు గానీ అప్పటికి చాలా పోయింది. మిగిలినవాటిలో మంచి పలకలు చాలా లండన్ చేరి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఎవరైనా చదివేలోపే అమరావతి చెదిరిపోయింది. నాగార్జునకొండ చెదరకముందే ఒకాయన చదివాడు. రెంటి గతీ వేరు కావడానికి ప్రధాన కారణం ఇదే అని నా నమ్మకం.

చదివింది ఎంత సమయానికో ఇప్పుడు లెక్క చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అంటే సరస్వతిగారు లోయలో అడుగుపెట్టిన 29 ఏళ్లకు. పల్నాటి కరువు నేలలు, నల్లగొండ మెట్ట చేలు నీళ్ల కోసం నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. డ్యాం వద్దనగలిగినవాళ్లు లేరు, అనాల్సిన పనీ లేదు. మా తాతల తరం అన్నం తిన్నది ఆ నీళ్లతోనే. కానీ లోయలో ఏముందో 1926లో తెలిసి ఉండకపోతే? మట్టిదిబ్బలు, పడిపోయిన రాళ్లు ఉన్న అడవి అనుకుని నీళ్లు వదిలేవాళ్లు. అడిగేవాడే ఉండడు. చాంతిసిరి, బోధిసిరి, ఉజ్జయిని పిల్ల, అందరూ పేరు లేకుండా మునిగిపోయేవాళ్లు.

తెలిసింది కాబట్టే 1954 నుంచి 1960 దాకా డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఆ లోయలో మకాం వేసింది. ఒక పక్క డ్యాం గోడ లేస్తోంది, ఇంకో పక్క గడ్డపారలు ఆడుతున్నాయి. నూటికి పైగా చోట్ల తవ్వారు. కోట గోడలు, అశ్వమేధ వేదిక దగ్గర తాబేలు ఆకారపు కుండం, కృష్ణ ఒడ్డున రాతి స్నానఘట్టం, చుట్టూ మెట్లున్న రంగస్థలం, హారీతి గుడి, విష్ణువుకు అష్టభుజస్వామి గుడి, ముప్ఫైకి పైగా బౌద్ధ కట్టడాలు. యుద్ధంలో చచ్చిపోయిన సేనానాయకులకు, పనివాళ్ల పెద్దకు కూడా నిలబెట్టిన ఛాయాస్తంభాలు. రాజుకే కాదు, ఉలి పట్టినవాడికీ పేరు చెక్కిన ఊరది. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయికీ అంకె వేసి విప్పి, కొన్నిటిని నాగార్జునకొండ నెత్తి మీద, కొన్నిటిని ఒడ్డునున్న అనుపు దగ్గర మళ్లీ పేర్చారు. నల్లగొండ వైపు మునకకు సిద్ధమైన ఏలేశ్వరంలో ఇటు రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పుల్లారెడ్డిగూడెం, విజయపురి, దిబ్బలు, చేలు అన్నీ కిందికి వెళ్లాయి. కొండ దీవి అయింది.

ఇప్పుడు ఆ దీవికి లాంచీలో వెళ్తే స్నానఘట్టం మెట్లు చూడొచ్చు, మహాచేతియం చక్రం చూడొచ్చు. అనుపులో రంగస్థలం నడుమ నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీద కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది. ఆదివారం గుంపుతో కాక, ఒక మామూలు రోజు ఒక్కరే వెళ్లండి, ఆ రాళ్లు చెప్పేది బాగా వినిపిస్తుంది. సాగర్ ఒడ్డునే మన రాష్ట్ర ప్రభుత్వం 274 ఎకరాల్లో కట్టిన బుద్ధవనం 2022లో తెరుచుకుంది. ఆచార్య నాగార్జునుడి పేరు ఆ ప్రాంతమంతా వినిపిస్తుంది. వెంకటరామయ్య, సరస్వతి అన్న రెండు పేర్లు ఆ దారిలో వెళ్లే వందమందిలో ఒకరికి తెలిసినా గొప్పే. లాంచీ ఎక్కే రేవు దగ్గర వాళ్లిద్దరి పేర్లతో ఒక పలక పెట్టించడానికి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ పెద్ద ఖర్చేమీ కాదు. పెట్టి తీరాలి.

ఇంకొకటి మనం చేయాల్సింది. మా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల నాటిది. మంచాల దాటితే రాచకొండ గుట్టలు, రేచర్ల పద్మనాయకుల కోట. ఈ చుట్టుపక్కల ఊళ్లలో చెరువు కట్టల మీద, గుళ్ల ముందు, పొలం గట్ల మీద పాత రాళ్లు ఇంకా ఉన్నాయి. కొన్ని ప్లాట్ల చదునులో జేసీబీ కింద పడుతున్నాయి, కొన్నిటికి పండగ పండక్కీ సున్నం, రంగు పూస్తున్నారు, కొన్నిటిని గుప్తనిధుల పిచ్చివాళ్లు రాత్రికి రాత్రి పగలగొడుతున్నారు. మీ ఊళ్లో రాత ఉన్న రాయి కనబడితే దాన్ని కదపకండి, రంగు వేయనివ్వకండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుగులో ఫొటో తీసి, ఏ ఊరు, ఎవరి పొలం అన్నది రాసి, రాష్ట్ర హెరిటేజ్ శాఖకు పంపండి, మీ ఊరి సర్పంచికీ, బడిలో సోషల్ సారుకూ చూపించండి. పల్నాటి బడిపంతులు చేసింది అంతే, అంతకన్నా ఎక్కువేమీ కాదు.